ఫార్మలిన్ గదిలో సార్ ముక్కు

మా అత్తమ్మ నన్ను స్నానం చేయనిదే వంటింట్లోకి రానిచ్చేది కాదు. మడి, ఆచారం అనుకునేరు, అదేం లేదు. పొద్దంతా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మనిషి, తంబాకు వాసన నిండిన ఇంట్లోనే ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, నేను సాయంత్రం గడప ఎక్కగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

"మళ్ళ గా దవాఖాన వాసన ఎంటబెట్టుకొని వచ్చినవ్. పో, ముందుగాల తానం జేసి రా. అన్నంల గూడ గదే కొడ్తుంది."

"నీ తంబాకు కంటే నయమే అత్తమ్మా" అనేదాన్ని. నాకు నోరు కొంచెం ఎక్కువే.

"తంబాకుది వాసన బిడ్డా. నీది వాసన గాదు, మంట."

ఆమె బడి మొహం చూడలేదు. కానీ ఫార్మలిన్ గురించి ఇంతకన్నా సరిగ్గా చెప్పినవాళ్ళు నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

మా ల్యాబ్ ఆర్మూర్‌లో పసుపు యార్డు వెనక గల్లీలో ఉంది. ముందు గదిలో రక్తం, మూత్రం పరీక్షలు చేస్తాం. వెనక గదిలో ముక్కల పని. ఆపరేషన్‌లో తీసిన గడ్డ, గర్భసంచి, అపెండిక్స్, ఏదైనా సరే, చుట్టుపక్కల దవాఖానల నుంచి మూత బిగించిన డబ్బాల్లో మా దగ్గరికి వస్తుంది. దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి రంగులు పట్టిస్తాం. వారానికి రెండుసార్లు నిజామాబాద్ నుంచి వచ్చే డాక్టరు గారు ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, మామూలు గడ్డో, కేన్సరో తేలుస్తారు. నేను చేరేనాటికి ఆ వెనక గది మా సార్ రాజ్యం.

సార్ అంటే డాక్టరు కాదు, సీనియర్ టెక్నీషియన్. అరవైకి దగ్గర పడ్డ సన్నటి మనిషి. చొక్కా జేబులో ఒక పెన్ను, ఒక పసుపు కొమ్ము ఎప్పుడూ ఉండేవి. వాళ్ళ నాయన యార్డులో పసుపు కొమ్ము విరిచి వాసన చూసి సరుకు మంచిచెడ్డలు చెప్పేవాడట. కొడుక్కి ఆస్తి ఏం రాలేదు కానీ ఆ ముక్కు వచ్చిందని సార్ నవ్వుతూ చెప్పుకునేవారు.

పనిలో చేరిన మొదటి రోజు నేను అడిగాను, ఈ నీళ్ళు అసలు ఏం చేస్తాయి సార్ అని. కాలేజీలో చదివిన జవాబు నా దగ్గరా ఉంది, అయినా అడిగాను.

"పసుపును తవ్వినంక ఎందుకు ఉడకబెడ్తరు?" అన్నారు ఆయన.

"ఎండడానికి."

"ఎండనీకే ఉడకబెడ్తరా ఎవరన్న? ఉడకబెట్టకుంటే కుళ్ళుతది, లేకుంటే మొలక వస్తది. ఒకసారి ఉడికిందంటే ఎట్లున్నది గట్లనే ఉంటది. మురగది, మొలవది. ఫార్మలిన్ గూడ గంతే. కణాన్ని మంట లేకుండ ఉడకబెడ్తది."

తర్వాత డాక్టరు గారు అదే సంగతి పుస్తకం భాషలో చెప్పారు. ఫార్మాల్డిహైడ్ ఒక వాయువు. దాన్ని నీళ్ళలో కలిపితే ఫార్మలిన్. అది కణంలోని ప్రోటీన్లను పట్టుకుని పక్కపక్కన ఉన్నవాటిని ఒకదానికొకటి ముడేస్తుంది. అందుకే ముక్క గట్టిపడి, కణం రూపం చెదరకుండా నిలుస్తుంది. మన ఒంట్లో కూడా ఇది చిటికెడు తయారవుతూనే ఉంటుందట, దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేసే ఏర్పాటూ కణాల్లోనే ఉంటుందట. చిటికెడు అయితే ఫికర్ లేదు. బయటి నుంచి రోజూ దోసెడు వచ్చి పడితే ఊడ్చే చెయ్యి అలసిపోతుంది. అప్పుడు బతికున్న కణంలో కూడా ముడులు పడతాయి, ప్రోటీన్లకే కాదు, డీఎన్ఏకు కూడా. ఏళ్ళ తరబడి అలాగే సాగితే ముక్కు వెనక కేన్సర్ రావచ్చు, రక్తం కేన్సర్ కూడా రావచ్చు అని చెప్పి ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. సార్ పక్కనే నిలబడి, ఇదంతా ఎవరికో చెబుతున్నట్టు, డబ్బాల మీద పేర్లు రాసుకుంటున్నారు.

ఆయన పద్ధతి ఆయనది. చిక్కటి ఫార్మలిన్ క్యానులో వస్తుంది. ఒక చెంబు మందుకు తొమ్మిది చెంబుల నీళ్ళు పోసి, లవణాలు కలిపి, పైన వంగి ఒక్కసారి ముక్కుతో పీల్చి "సరిపోయింది" అనేవారు. పల్చన అయితే ముక్క లోపల కుళ్ళుతుంది, ఎవరి రోగమో ఎవరికీ తెలియకుండా పోతుంది. అలా ఒక్కటి కూడా పోలేదు. నేను దగ్గి, కళ్ళు తుడుచుకుని పక్కకు పోతుంటే నవ్వేవారు. పని అయిపోయాక జేబులోంచి పసుపు కొమ్ము తీసి, విరిచి, నా ముక్కు దగ్గర పెట్టేవారు.

"పీల్చు. వాసన తగిలిందంటే ముక్కు బతికున్నట్టే."

అలా మొదలైన ఆట అది. పసుపు సీజన్‌లో నేను యార్డు మీదుగా పనికి వచ్చేదాన్ని. కుప్పల దగ్గర రైతులను అడిగి ఒక్కో కొమ్ము తెచ్చేదాన్ని. సార్ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవారు. నేను కొమ్ము విరిచి ముక్కు కింద పెడితే ఊరి పేరు చెప్పేవారు. "అంకాపూర్. నీళ్ళు మంచిగ తాగింది." "భీమ్‌గల్. గుట్టల పక్క మన్ను." ఎప్పుడూ తప్పేవారు కాదు. ముందు గదిలో రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలివాళ్ళు కూడా తొంగిచూసి "ఏం ముక్కయ్యా నీది" అని మెచ్చుకునేవాళ్ళు. సార్‌కు అప్పుడు పొగరు వచ్చేది. ఆ పొగరు నాకు భలే ఇష్టం.

ఇక కిటికీ సంగతి చెప్పాలి. వెనక గదికి ఒక్కటే కిటికీ, అది యార్డు వైపు. సీజన్‌లో పసుపు కొమ్ములను డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడుతుంటే లేచే దుమ్ము గల్లీ అంతా పచ్చగా చేస్తుంది. ఆరేసిన బట్టలు పచ్చన, బండ్ల సీట్లు పచ్చన. ఒక ఏడు ఆ దుమ్ము వచ్చి గాజు పలకల మీద కూర్చుంది. డాక్టరు గారు మైక్రోస్కోపులో చూసి "ఇది కణమా, పసుపా?" అని అరిచారు. ఆ సాయంత్రమే సార్ గోనెసంచి నాలుగు మడతలు పెట్టి కిటికీకి మేకులు కొట్టేశారు. సీజన్ అయిపోయాక తీద్దామన్నారు. సీజన్ అయిపోయింది, మళ్ళీ సీజన్ వచ్చింది, గోనెసంచి మాత్రం అక్కడే ఉంది. పసుపు దుమ్ము బయటే ఆగింది, ఫార్మలిన్ మాతోపాటు లోపలే ఆగింది. మాస్కులు ఉన్నాయి కదా అనుకున్నాం. ఆ గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుంది కానీ వాయువును ఆపలేదని చదువుకున్న మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ కట్టుకునేవాళ్ళం.

ఆ గదిలో ఒక మాయ ఉంది. పొద్దున తలుపు తీయగానే కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. పది నిమిషాలు ఉంటే ఏమీ ఉండదు. గాలి బాగుపడిందని అనుకుంటాం. గాలి అలాగే ఉంటుంది, ముక్కు చెప్పడం మానేస్తుంది.

నాకు పెళ్ళయిన రెండో ఏడు కడుపు నిలిచింది. మూడో నెలలో పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. చాలామందికి ఇలా అవుతుందమ్మా, నీ తప్పేం లేదు అంది డాక్టరమ్మ. నేను వారం రోజులు పడుకుని పనికి వచ్చేశాను. సార్ ఏమీ అడగలేదు. నా టేబుల్ మీద అరటిపండ్లు పెట్టి, ఆ రోజు నా పని కూడా ఆయనే చేశారు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ నిలిచింది. ఈసారి మా ఆయనకు చెప్పాక, అత్తమ్మకు కూడా చెప్పకుండా సార్‌కు చెప్పాను. నాకు భయంగా ఉంది. ఆ గది గురించే భయం. ఉద్యోగం మానేద్దామంటే మా ఆయన అంకాపూర్‌లో విత్తనాల గోదాములో చేసే పని ఒక్కటే మిగులుతుంది. పైగా, నిజం చెప్పాలంటే, నాకు ఆ పని అంటే ప్రాణం. మైనం నుంచి ముక్క పొరలు పొరలుగా లేచి, గోరువెచ్చని నీళ్ళ మీద విచ్చుకుంటుంటే చూడటం నాకు పూజ కన్నా ఎక్కువ.

సార్ మూత బిగిస్తున్న డబ్బాను పక్కన పెట్టారు. తర్వాత అన్నారు, "ఇత్తనానికి దాసిన పసుపు పక్కన ఉడకబెట్టే కడాయి పెడ్తరా ఎవరన్న? నువ్వు ముందటి రూముల కూసో. లోపటి పనంత నేను జేస్త. కోసే మిషన్ దగ్గర పని ఉన్ననాడు నేను పిలుస్త, అప్పుడు రా. వాసన ఉంటే పిలువ. నా ముక్కు మీద నమ్మకముంది గద?"

ఉంది. దేవుడి మీద ఉన్నంత ఉంది.

అలా రెండు నెలలు నడిచింది. నేను తలుపు బయట నిలబడి "రావచ్చా సార్?" అనేదాన్ని. లోపల ఆయన తల ఎత్తి గట్టిగా పీల్చే చప్పుడు వినబడేది. "రా బిడ్డా, ఏం లేదు" అనేవారు. లోపలికి పోతే ఒక్కోసారి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, గొంతులో కారం పడ్డట్టు ఉండేది. కానీ సార్ ముక్కు ఏమీ లేదంటోంది. ఇంట్లో, అప్పటికి సంగతి తెలిసిన అత్తమ్మేమో "కడుపుతోటి ఉన్నప్పుడు అన్నీ వాసనలే. నాకు మీ ఆయన కడుపుల ఉన్నప్పుడు నీళ్ళు గూడ వాసనొచ్చినయ్" అనేది. కాబట్టి తప్పు నా ముక్కుదే అనుకున్నాను. సర్దుకుని పనిచేసుకునేదాన్ని.

నాలుగో నెల పడింది. పసుపు సీజన్ మంచి ఊపు మీద ఉంది. అత్తమ్మ అంగడి నుంచి ఎండుచేపలు తెచ్చి వంటింట్లో తలుపు వెనక కట్టింది. నాకేమో ఆ వాసనకు పేగులు నోట్లోకి వస్తున్నాయి. పొద్దున అన్నం డబ్బా సర్దుకుంటుంటే ఒక కొంటె ఆలోచన వచ్చింది. ఒక చిన్న చేప తీసి కాగితంలో చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు వేసి, చేయి దూరంగా చాచి పట్టుకుని ల్యాబ్‌కు తెచ్చాను. సార్ ఎగిరి పడి, తిట్టి, నా వెంట పడతారని తలుచుకుంటూ దారంతా నవ్వుకున్నాను.

ముందు గదిలో అప్పుడు రోగులెవరూ లేరు. సార్ చాయ్ తాగి కూర్చున్నారు.

"సార్, ఇయ్యాల కొత్త సరుకు. కండ్లు మూసుకోండ్రి."

"తే, తే" అని కుర్చీలో వెనక్కి వాలారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను కాగితం విప్పి, ఊపిరి బిగబట్టి, చేపను ఆయన ముక్కుకు రెండు వేళ్ళ దూరంలో పెట్టాను.

ఆయన నిండుగా పీల్చారు. తల మెల్లగా ఊపారు.

"నందిపేట్" అన్నారు. "గోదారి నీళ్ళు తాగిన పసుపు. మస్తుంది సరుకు."

నేను మొదట నవ్వాను. నా మీదే ఎదురు ఆట ఆడుతున్నారనుకున్నాను. ఇంకా దగ్గరికి పెట్టాను, ముక్కుకు తగిలేంత. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. మెప్పుదల కోసం ఎదురుచూస్తూ అలాగే చిన్నగా నవ్వుతూ ఉన్నారు. నా నవ్వు ఆగిపోయింది. నేనేమీ అనకపోయేసరికి ఆయన కళ్ళు తెరిచారు. తన ముక్కు కింద ఉన్న ఎండుచేపను చూశారు.

నేను చేపను మళ్ళీ కాగితంలో చుట్టాను. యార్డులో పాలిష్ డ్రమ్ముల చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ఎప్పటిసంది సార్?"

"యాదికి లేదు బిడ్డా. మూడేండ్లయి ఉండొచ్చు."

"మరి ఊర్ల పేర్లు ఎట్ల చెప్తున్నరు?"

"నువ్వే చెప్తవ్ గద. వచ్చుడు వచ్చుడే, ఇయ్యాల తొవ్వ నిండ నందిపేట్ బండ్లే ఉన్నయ్ సార్ అంటవ్. అంకాపూరోళ్ళు నిన్ను చూసి నవ్విండ్రంటవ్. నీకు మాట ఆగదు." గొంతు తగ్గించి అన్నారు, "నాకు ఇనబుద్ధయితది."

ఇంకో రోజైతే నేను ఆ మాటకు కరిగిపోయేదాన్ని. కానీ అప్పటికి నా చెయ్యి నా కడుపు మీదికి పోయింది.

"లోపలికి రా బిడ్డా, ఏం లేదు అని నన్నెట్ల పిలిచినరు?"

నేను అరిచాను. నా తిట్లు ఇక్కడ రాయలేను, రాస్తే మా అత్తమ్మ చదివించుకుని వింటుంది. రెండు నెలలు నా బిడ్డను మీ ముక్కుకు అప్పగించాను అన్నాను. మూడేళ్ళంటున్నారు, అంటే మొదటిది పోయినప్పుడు కూడా మీకు వాసన తెలియదు కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పుడు ఆయన్ను అడిగి లోపలికి పోయినదాన్ని కాదు, నా కాళ్ళతో నేనే పోయాను.

"కండ్లు మండుతలేవు గద, గాలి మంచిగనే ఉన్నదనుకున్న" అన్నారు చివరికి. "నా కండ్లు గూడ అలవాటు పడ్డయని తెల్వలె. ముక్కు పోయిందని చెప్తే నన్నెవరు ఉంచుకుంటరు బిడ్డా? నా దగ్గర ఉన్నదే గది."

నేను బ్యాగు తీసుకుని ఇంటికి వచ్చేశాను. అత్తమ్మకు అంతా చెప్పి ఏడ్చాను. ఆమె బీడీల చాట పక్కన పెట్టింది. నేను పెళ్ళయి వచ్చాక ఆమె పని మధ్యలో చాట దించడం అదే మొదటిసారి. నా తల ఒళ్ళో పెట్టుకుని, "నేను గూడ వాసన నీ కడుపుదే అన్న గద. నన్ను గూడ తిట్టు" అంది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఇన్నాళ్ళు పీల్చింది బిడ్డనేమైనా చేసిందా అని నేను అడిగిన దానికి ఆమె మెల్లగా చెప్పింది. పీల్చిన ఫార్మాల్డిహైడ్ చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే అంటుకుపోతుంది. కడుపుదాకా ఎంత పోతుందో, ఏం చేస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ కడుపుతో ఉన్న మనిషి ఆ గాలిలో ఉండకూడదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను అంది. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. పరుగు తీస్తున్నట్టు టకటకమంటోంది. అయిదో నెల స్కాన్‌లో ఇంకా తెలుస్తుంది, అప్పటిదాకా ఆ గల్లీ వైపు పోకు అంది.

నేను ఎనిమిది రోజులు పోలేదు. తొమ్మిదో రోజు నిజామాబాద్ డాక్టరు గారు వచ్చే రోజని, ఆయనకూ ల్యాబ్ ఓనరుకూ నా కోపం రుచి చూపించాలని బయలుదేరాను. గల్లీ మొదట్లోనే కేకలు వినబడుతున్నాయి. వెనక గది కిటికీ బార్లా తెరిచి ఉంది. గోనెసంచి చిరిగి కింద పడి ఉంది, దాని మేకులు ఒక పళ్ళెంలో పోసి ఉన్నాయి. లోపల టేబుళ్ళు, డబ్బాలు, పలకలు అన్నీ పచ్చగా ఉన్నాయి, హోలీ ఆడినట్టు. డాక్టరు గారు ఎర్రబడ్డ మొహంతో నిలబడి ఉన్నారు. సార్ వేళ్ళకు కట్లు ఉన్నాయి. మేకులు పీకేటప్పుడు తెగాయట.

"దుమ్ముదేముంది సార్, తుడిస్తే పోతది" అంటున్నారు ఆయన డాక్టరుతో. "ఘాటు తుడిస్తే పోదు. నా ముక్కు పోయింది. మూడేండ్ల కింద పోయింది. చెప్పకుండ దాచిపెట్టిన. గీ పొల్లను లోపటికి పిలిచిన. నన్ను ఉంచుకుంటె ఉంచుకోండ్రి, తీస్తె తీయండ్రి. కిటికీ మాత్రం మూయ."

నేను దారంతా వల్లె వేసుకున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి. పక్కనే ఉన్న ఓనరు నా వైపు చూశాడు. నేను మాత్రం ఊరుకుంటానా? గాలి లాగే ఫ్యాను, ఫార్మలిన్ పని చేసుకోవడానికి పొగగూడు లాంటి మూసిన పెట్టె, వాయువును ఆపే అసలైన మాస్కులు, అన్నీ వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టరని చెప్పాను. ఆయన నసిగాడు. నిజామాబాద్ డాక్టరు గారు నా పక్కకు వచ్చారు. నెల తిరక్కుండా అన్నీ వచ్చాయి. కిటికీకి సన్నటి జాలీ బిగించారు, దుమ్ము సగం ఆగుతుంది.

అయిదో నెల స్కాన్‌లో తేడా ఏం కనబడలేదు. ఆ తర్వాత నేను కాన్పు అయ్యేదాకా ముందు గదిలో రక్తం తీసే పనిలోనే ఉన్నాను. సార్‌ను తీసేయలేదు. ఫార్మలిన్ కలపడం మాత్రం ఆయన చేతిలోంచి తీసేశారు. ఇప్పుడు కొలత గ్లాసుతో కలుపుతాం, ముక్కుతో కాదు.

డాక్టరు గారే పట్టుబట్టి సార్‌ను నిజామాబాద్‌లో ముక్కు డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన గొట్టం పెట్టి చూసి, లోపలి నుంచి గింజంత ముక్క తీసి డబ్బాలో వేసి ఇచ్చాడు. ఆ డబ్బా మా ల్యాబ్‌కే వచ్చింది. తన ముక్కును తనే మైనంలో పోసి, తనే కోసి, తనే రంగులు పట్టించాడు ఆ మనిషి. మూడు రోజులు మాకెవరికీ అన్నం సయించలేదు. డాక్టరు గారు పలకను అటు జరిపి ఇటు జరిపి చూసి, కేన్సర్ లేదు అన్నారు. సార్ నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"సూడు, మా నాయిన ఇచ్చిన ఆస్తి."

ముక్కు లోపలి పొర మీద, దుమ్మును ఊడ్చే సన్నటి నూగు ఉండాలి. గాలికి ఊగే వరిమడిలా కనబడాలి. సార్ ముక్కులో చాలాచోట్ల అది లేదు. బల్లపరుపు కణాలు వరుసలు వరుసలుగా, చర్మంలా పేర్చుకుని ఉన్నాయి. రోజూ మంట తగిలే చోట నాజూకు కణాలు పోయి మొండివి మొలుస్తాయని, ఇది అన్నేళ్ళ ఘాటు వల్లే కావచ్చు, వయసు వల్ల కూడా కావచ్చు, ఏటా చూపించుకోవాల్సిందేనని డాక్టరు గారు చెప్పారు.

"గీ ముక్కు అడ్డం నిలబడి తిన్నది గని, లేకుంటె ఘాటంత ఊపిరితిత్తులకే పోతుండె" అన్నారు సార్. ఆ ముక్కును అప్పుడు కూడా పొగడకుండా ఉండలేకపోయారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అన్నాళ్ళూ దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. అప్పటి నుంచి మళ్ళీ పొద్దున్నే యార్డు కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో పాప పుట్టింది. డాక్టరమ్మ కాళ్ళూ చేతులూ చూసి, గుండె విని, బాగుందమ్మా, నిక్షేపంగా ఉంది అని చెప్పిందాకా నేను కళ్ళు తెరవలేదు. ఎంత దిటవుగా ఏడ్చిందో. నా నోరే వచ్చింది.

ఇరవై ఒకటో రోజు పాపను తొట్టెల్లో వేశాం. అత్తమ్మ పొద్దున్నే పాపకు నూనె పెట్టి, శనగపిండీ పసుపూ నలుగు పెట్టి స్నానం చేయించింది. ఇంట్లో బీడీల చాట, తంబాకు కనబడలేదు. పాప పుట్టిన రోజే వాటిని పక్కింటి వసారాలోకి మార్చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. వాకిట్లోనే కాళ్ళూ చేతులూ రెండుసార్లు కడుక్కున్నారు. చేతులు జేబురుమాలుతో తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నారు.

"ఇయ్యాల ల్యాబ్‌కు పోలేదు బిడ్డా. బట్టలు గూడ కొత్తయి. ఎత్తుకోవచ్చునా?"

పాపను ఆయన చేతుల్లో పెట్టాను. ఇల్లంతా చుట్టాలు. మా ల్యాబ్‌లో ముసలివాళ్ళు మెచ్చుకున్న సంగతి మా ఆడపడుచుకు కూడా తెలుసు. ఆమె నవ్వుతూ అంది, "సార్ వాసన జూసి పసుపు ఏ ఊరిదో చెప్తరంట గద. మా పిల్లకు పెట్టిన పసుపు ఏ ఊరిదో చెప్పండ్రి."

నేను ఆపుదామని ముందుకు వంగాను. సార్ నా వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకున్నారు. పాప మాడు మీద, ఇంకా ఎముక కలవని మెత్తటి చోట, ముక్కు ఆనించి నిండుగా పీల్చారు. అందరూ మాటలు ఆపి చూస్తున్నారు. ఏదో ఒక ఊరు చెప్పేస్తే అయిపోతుంది. ఏ ఊరు చెప్పినా ఎవరూ కాదనరు. చెప్పండి సార్ అని నాలో నేను బతిమాలుకున్నాను.

ఆయన కళ్ళు తెరిచారు.

"వాసన తెలుస్తలేదు బిడ్డా" అన్నారు అందరికీ వినబడేలా. పాపను ఇంకొంచెం దగ్గరికి తీసుకుని, మళ్ళీ అక్కడే ముక్కు ఆనించారు. "ఎచ్చగున్నది. లోపట కొట్టుకుంటున్నది."